పార్కు ప్రాజెక్టు మీద టీచర్ రాసే నాలుగు మాటలు: అపోహలు - వాస్తవాలు

తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. ఏటా ఒక గ్రూపు ప్రాజెక్టు పార్కుల మీద ఇస్తాను. పిల్లల పని చూసి మనం చెప్పే మాట గురించి స్టాఫ్‌రూమ్‌లో, తల్లిదండ్రుల దగ్గర తరచూ వినేవి ఇవి.

అపోహ: మార్కులు వేసి, కింద రెండు వాక్యాలు రాస్తే పిల్లలు దిద్దుకుంటారు.

వాస్తవం: మార్కు కనపడ్డాక కింద రాసింది చదవరు. పక్కవాళ్లకెన్ని వచ్చాయో చూసుకుంటారు. ఇజ్రాయెల్ బడి పిల్లలపై రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది. మార్కులు కూడా కలిపి ఇస్తే ఆ లాభం పోయింది. అందుకే ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో బడిలోనే చేసే మూల్యాంకనంలో) ప్రాజెక్టుకు ఉండే ఆ 5 మార్కులు చివర్లోనే వేస్తాను. మొదటి చార్టు మీద పెన్సిల్‌తో ప్రశ్నలే రాస్తాను.

అపోహ: ‘బాగుంది’, ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ అని రాసినా ఫీడ్‌బ్యాకే కదా.

వాస్తవం: అది చదివితే రేపు ఏం చేయాలో పిల్లలకు తెలియదు. ఒకసారి నలుగురు ఆడపిల్లలు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మీద చార్టు తెచ్చారు. నెట్‌లోంచి తీసిన ఫొటోలు, చుట్టూ స్కెచ్ పెన్ బోర్డరు. అసెంబ్లీ, మ్యూజియం అక్కడే ఉన్నాయని రాసి, చివర్లో ‘ఈ పార్కు అందరికీ ఉపయోగపడుతుంది’ అన్నారు. తప్పేమీ లేదు. కానీ అక్కడికి వెళ్లకుండానే రాయొచ్చు. పెన్సిల్‌తో ఇలా రాశాను: ‘దీని పాత పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే ప్రజల తోట. ఆ ప్రజలు ఎవరెవరు? గంటసేపు కూర్చొని లెక్కపెట్టండి.’

ఇద్దరు పెద్దవాళ్లను తోడు తీసుకుని ఆదివారం వెళ్లొచ్చారు. లెక్కల్లో నేర్చుకున్న గణన చిహ్నాలతో, నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత చొప్పున పట్టిక నింపారు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు, చిన్నపిల్లల తల్లులు, ముసలివాళ్లు. చివరి గడికి ‘మా వయసు అమ్మాయిలు, ఒంటరిగా’ అని పేరు పెట్టారు. అందులో ఒక్క గీత కూడా లేదు. ఆ గడి గీయమని నేను చెప్పలేదు. ‘అందరికీ’ అన్న మాటను వాళ్లే కొట్టేశారు.

అపోహ: గ్రూపు ప్రాజెక్టు కాబట్టి గ్రూపుకంతా ఒకటే మాట చాలు.

వాస్తవం: ‘మీ గ్రూపు’ అంటే ఎవరికీ తగలదు, లీడర్‌కి తప్ప. ‘నువ్వు ఎవరితో మాట్లాడావు? ఏమన్నారు?’ అని ఒక్కొక్కరినీ అడగాలి.

అపోహ: గట్టిగా చెబితేనే బుర్రకెక్కుతుంది.

వాస్తవం: ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో కలిపి చూశారు. మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని దిగజారింది. దృష్టి పని మీంచి మనిషి మీదికి మళ్లితే ఫలితం తగ్గుతుందన్నారు. ‘నీకు శ్రద్ధ లేదు’ అని విన్న పిల్ల ఇక పార్కు గురించి ఆలోచించదు. ‘నువ్వు తెలివైనదానివి’ అన్నా అంతే. ఈ రెండో మాట మానుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అపోహ: సిలబస్ టెన్షన్‌లో మళ్లీ చేయించే టైమ్ ఎక్కడిది?

వాస్తవం: చార్టంతా మళ్లీ చేయించక్కర్లేదు. ఒక పట్టికో, ఒక పేరానో మారిస్తే చాలు. చార్టు ఇవ్వాల్సిన తేదీని వారం ముందే పెడతాను. ఆ వారంలో ఒక పీరియడ్ దిద్దుకోవడానికి. పాత చార్టును పారేయనివ్వను. రెండూ పక్కపక్కనే గోడకు అతికిస్తాం. తల్లిదండ్రుల సమావేశం రోజు, ఏది ఎందుకు మార్చారో పిల్లలే నిలబడి చెబుతారు.