బెంగళూరులో మూడు వన్డేలు, చెన్నైలో ఒక్క టెస్టు: నడుమ చిత్తూరు

2024 జూన్‌లో దక్షిణాఫ్రికా మహిళల జట్టు మన దేశంలో ఆడిన సిరీస్ అంతా చిత్తూరుకు అటొకటి ఇటొకటిగా ఉన్న రెండు నగరాల్లోనే జరిగింది. జూన్ 16, 19, 23 తేదీల్లో మూడు వన్డేలు బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో. జూన్ 28 నుంచి జులై 1 దాకా టెస్టు, ఆ తర్వాత జులై 5, 7, 9 తేదీల్లో మూడు టి20లు చెన్నై చెపాక్ మైదానంలో. పలమనేరు మీదుగా పోయే బస్సెక్కితే బెంగళూరు, రాణిపేట వైపు పోయే బస్సెక్కితే చెన్నై. తిరుపతి వాళ్లకైతే చెపాక్ పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరం.

మూడు, మూడు, ఒకటి. ఈ లెక్క ఇలా ఎందుకు కుదిరిందో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో లెక్క తలకిందులుగా ఉండేది.

భారత మహిళల క్రికెట్ సంఘం 1973లో పుట్టింది. 1976లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు శాంతా రంగస్వామి నాయకత్వంలో మన అమ్మాయిలు ఆడినవి ఆరు టెస్టులు. వన్డే ఒక్కటీ లేదు. మొదటిది అక్టోబరు 31న బెంగళూరులో మొదలైంది. మద్రాసులోనూ ఒకటి ఆడారు. పట్నాలో గెలిచారు, జమ్మూలో ఓడారు, సిరీస్ 1-1తో సమం. మన మహిళలు తొలి వన్డే ఆడింది 1978 జనవరి 1న, ఈడెన్ గార్డెన్స్‌లో, ప్రపంచకప్పులో. అంటే టెస్టుల్లో వాడే ఎర్ర బంతితో మొదలుపెట్టిన వాళ్లే. రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో ప్రయాణం, వసతి గృహాల్లో నేల మీద పడక. అయినా రోజుల తరబడి సాగే మ్యాచ్‌లే ఆడారు. డబ్బు లేక 1988 ప్రపంచకప్పుకు వెళ్లలేకపోయారు. 1986 ఇంగ్లండ్ పర్యటన తర్వాత 1991లో ఆస్ట్రేలియా వెళ్లేదాకా అంతర్జాతీయ మ్యాచ్ అన్నదే లేదు.

అంత కటకటలోనూ 1976 నుంచి 2006 దాకా ముప్పై ఏళ్లలో ఆడినవి 34 టెస్టులు. నీతూ డేవిడ్ 1995లో జంషెడ్‌పూర్‌లో ఇంగ్లండ్ మీద 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీసింది ఆ రోజుల్లోనే. మన హైదరాబాదు అమ్మాయి మిథాలీ రాజ్ 19 ఏళ్లకే ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో 214 కొట్టింది 2002లో. అదే టాంటన్‌లో 2006 ఆగస్టులో ఝులన్ గోస్వామి పది వికెట్లు తీసి ఇంగ్లండ్ మీద టెస్టు గెలిపించింది.

ఆ ఏడాది నవంబరులో మహిళల క్రికెట్ బీసీసీఐ చేతికి వచ్చింది. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. మైదానాలు మారాయి, ప్రయాణాలు మారాయి, తర్వాత్తర్వాత కాంట్రాక్టులు వచ్చాయి, 2022 అక్టోబరులో మ్యాచ్ ఫీజు మగవాళ్లతో సమానమైంది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టి20కి 3 లక్షలు. టెస్టులు మాత్రం మాయమయ్యాయి. టాంటన్ గెలుపు తర్వాతి టెస్టు 2014 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని వార్మ్స్‌లీలో. అదే ఏడాది నవంబరులో మైసూరులో దక్షిణాఫ్రికా మీద ఇంకొకటి. తిరుష్ కామిని 192, పూనమ్ రౌత్ 130 కొట్టి ఇన్నింగ్స్ తేడాతో గెలిచిన ఆ మ్యాచ్ తర్వాత మళ్లీ దాదాపు ఏడేళ్లు ఏమీ లేవు. 2021లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒకటి, ఆస్ట్రేలియాలోని కరారాలో ఒకటి. 2023 డిసెంబరులో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలతో ముంబయి పరిసరాల్లో రెండు. చెపాక్ ఒకటి. బీసీసీఐ చేతికి వచ్చాక చెపాక్ దాకా మొత్తం ఏడు! సంఘం పేదగా ఉన్నప్పుడు 34, బోర్డు సంపన్నమయ్యాక 7. టెస్టుకు పెంచిన 15 లక్షల ఫీజు ఏడాదికి ఎన్నిసార్లు చేతికందుతుందో ఈ అంకెలే చెబుతాయి.

బోర్డు ఒక్కదాన్నే తప్పుపట్టడం కూడా సరికాదు. 2014లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) మహిళల చాంపియన్‌షిప్ పెట్టింది. ఒక్కో ప్రత్యర్థితో మూడు వన్డేలు, గెలుపుకు రెండు పాయింట్లు, ఆ పట్టికను బట్టి ప్రపంచకప్పులో చోటు. దీనివల్ల మేలే జరిగింది. అంతకుముందు చిన్న జట్లను పిలిచేవాళ్లే ఉండరు, ఇప్పుడు పిలవక తప్పదు. 2016 నవంబరులో వెస్టిండీస్ మన విజయవాడ పక్కన మూలపాడుకు వచ్చింది అలాగే: మూడు వన్డేలూ మనవి, మూడు టి20లూ వాళ్లవి, టెస్టు లేదు. వన్డేకు పాయింట్లున్నాయి, టి20కి ర్యాంకింగు, ప్రపంచకప్పు ఉన్నాయి. టెస్టు గెలిస్తే ఏ పట్టికలోనూ గీత కదలదు. నాలుగు రోజుల మైదానం, సిబ్బంది, ప్రసారం ఖర్చు పెట్టి పట్టికలో లేని మ్యాచ్ పెట్టమంటే ఏ బోర్డయినా వెనకాడుతుంది. 2022లో ఐసీసీ మహిళలకు తొలిసారి ఉమ్మడి పర్యటనల కార్యక్రమం ప్రకటించింది. 2025 దాకా అందులో 300 పైచిలుకు మ్యాచ్‌లుంటే టెస్టులు ఏడు. అవీ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, భారత్, దక్షిణాఫ్రికాల మధ్యే.

బెంగళూరు వన్డేల మీద ఆ చాంపియన్‌షిప్ పాయింట్లు ఆరు ఉండేవి. ఆతిథ్య దేశంగా మనకు ప్రపంచకప్పు చోటు ముందే ఖాయం కాబట్టి అవసరం ఎక్కువ దక్షిణాఫ్రికాదే. వాళ్లకు ఒక్క పాయింటూ దక్కలేదు. రెండో వన్డేలో మనవాళ్లు 325 చేస్తే వాళ్లు 321 దాకా వచ్చి నాలుగు పరుగుల తేడాతో ఓడారు. మన మంధాన, హర్మన్‌ప్రీత్, వాళ్ల వోల్‌వార్ట్, కాప్ నలుగురూ సెంచరీలు కొట్టిన మ్యాచ్ అది.

మూడో వన్డే ముగిసింది జూన్ 23న, టెస్టు మొదలైంది 28న. నడుమ నాలుగు రోజులు. అందులోనే బెంగళూరు నుంచి చెన్నై ప్రయాణం, వన్డేల తెల్ల బంతి నుంచి ఎర్ర బంతికి మారడం, జూన్ చివరి మద్రాసు ఉక్కకు ఒళ్లు అలవాటు పడడం. సన్నాహక మ్యాచ్‌కు చోటెక్కడ? మొదటి రోజే షెఫాలీ వర్మ 205, మంధాన 149, తొలి వికెట్‌కు 292, ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 525. మర్నాడు 6 వికెట్లకు 603 దగ్గర డిక్లేర్ చేశారు. మహిళల టెస్టుల్లో అంతకుముందు ఏ జట్టూ అంత స్కోరు చేయలేదు. మన బ్యాటింగు గొప్పదే, సందేహం లేదు. కానీ అవతలి బౌలర్ల సంగతి కూడా చూడాలి. వన్డేలో ఒకరికి పది ఓవర్లకు మించి ఉండవు. టెస్టులో నాలుగో స్పెల్లుకు, అంటే నాలుగో విడత బౌలింగుకు, పిలిస్తే భుజం, మడమ రెండూ మొరాయిస్తాయి, అడుగు తడబడుతుంది, లెంగ్త్ తప్పుతుంది. అది అలవాటు లేనితనం, చేతకానితనం కాదు. 2014 మైసూరు తర్వాత 2022 దాకా వాళ్లకూ టెస్టు లేదు.

వాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 266కే అయిపోయారు. స్నేహ్ రాణా 77 పరుగులిచ్చి 8 వికెట్లు తీసింది. ఆ తర్వాత జరిగిందే అసలు టెస్టు. ఫాలో ఆన్ (వెనకబడిన జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగుకు దిగడం) ఆడుతూ లూస్ 109, వోల్‌వార్ట్ 122, జట్టు 373, అదీ 150కి పైగా ఓవర్లు నిలబడి. నాలుగో రోజు దాకా లాక్కొచ్చి పది వికెట్లతో ఓడారు. ఒక్క ఇన్నింగ్స్ తేడాలో నేర్చుకున్నది అంత కనబడుతుంటే రెండో టెస్టు ఉండుంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. సిరీస్‌లో అది లేదు. మూడు రోజులు ఆగి టి20లు మొదలయ్యాయి. ఒకటి వాళ్లది, ఒకటి వాన పాలు, ఒకటి మనది.

నియమాల్లో తేడాలు కూడా తెలిసి చూస్తే ఆట బాగా అర్థమవుతుంది. మహిళల టెస్టు నాలుగు రోజులు, రోజుకు 90 కాదు 100 ఓవర్లు. 150 పరుగుల ఆధిక్యం ఉంటే చాలు ఫాలో ఆన్ ఆడించవచ్చు. మగవాళ్ల అయిదు రోజుల టెస్టులో 200 కావాలి. 2021లో బ్రిస్టల్‌లో మనం 165 వెనకబడి ఫాలో ఆన్ ఆడింది ఆ లెక్కనే. బౌండరీ 55 నుంచి 64 మీటర్ల మధ్య ఉండాలి.

బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు. మగవాళ్లది 156 నుంచి 163. ఈ చిన్న తేడాతోనే తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా చిక్కు మొదలవుతుంది. అబ్బాయిలతో కలిసి నెట్స్ చేసే అమ్మాయి చేతికి 156 అని ముద్ర ఉన్న బంతే వస్తుంది. దాంతో ఏళ్లు గడిపి, ఎంపిక మ్యాచ్‌లో 142 బంతి పట్టుకుంటే చుట్టుకొలత తక్కువ కావడంతో వేళ్లు దగ్గరికి వస్తాయి. అదే జోరుతో వదిలిన బంతి అనుకున్న చోట పడదు. దుకాణంలో లేకపోతే ముందుగా చెప్పి 142 తెప్పించుకోవడం మంచిది. వారంలో సగం రోజులైనా దాంతోనే వేయాలి.

కడప జిల్లా శ్రీచరణి 2025లో ఇంగ్లండ్ వెళ్లి అయిదు టి20ల్లో పది వికెట్లు తీసి సిరీస్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. అయిదు టి20లు, మూడు వన్డేలు ఉన్న ఆ పర్యటనలోనూ టెస్టు లేదు. మన దేశవాళీలో రాష్ట్ర జట్లకు అండర్-15 నుంచి సీనియర్ దాకా ఉన్నవి వన్డేలు, టి20లే. రోజుల తరబడి ఆడే మ్యాచ్‌లు 2018 తర్వాత ఆగిపోయి, 2024లో పుణెలో జోన్ల (కొన్ని రాష్ట్రాలు కలిసిన జట్ల) మధ్య మూడు రోజుల పోటీగా మళ్లీ వచ్చాయి. అలాంటి పోటీలో చిత్తూరు అమ్మాయి ఎర్ర బంతితో మూడు రోజులు ఆడాలంటే జిల్లా దాటి, ఆంధ్ర దాటి, కర్ణాటక, తమిళనాడు, కేరళ, హైదరాబాదు, గోవా వాళ్లతో పోటీపడి దక్షిణ జోన్ జట్టులో చోటు తెచ్చుకోవాలి.