జ్ఞాపకాల ప్రోటీన్: 2013లో నిజంగా కొట్టుకుపోయింది ఏది?

అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లేవాళ్ల ఫోన్లలో ‘మెమరీ ప్రోటీన్’ మాట మళ్లీ తిరుగుతోంది. జ్ఞాపకాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ దొరికేసింది, మా క్యాప్సూల్ వేసుకుంటే గ్రూప్స్ సిలబస్ మొత్తం బుర్రలో నిలిచిపోతుంది అంటారు అమ్మేవాళ్లు. అదంతా 2013లోనే తప్పని తేలిపోయింది కదా అంటారు ఎదురు వాదించేవాళ్లు. ఇద్దరూ మాట్లాడుతున్నది పీకేఎం జీటా అనే ప్రోటీన్ గురించే.

న్యూరాన్లు (మెదడు కణాలు), సినాప్స్‌లు (ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు), నేర్చుకున్నప్పుడు కణాల మధ్య లంకె బలపడటం ఇవన్నీ ఇంటర్ పుస్తకాల్లో ఉన్నవే. అసలు చిక్కును 1984లో, డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ ఎత్తి చూపాడు. మెదడులోని ప్రోటీన్లు కొద్ది రోజుల్లోనో నెలల్లోనో కరిగిపోయి కొత్తవి వస్తుంటాయి. మరి చిన్నప్పటి జ్ఞాపకం డెబ్బై ఏళ్లు ఎలా ఉంటోంది?

పీకేఎం జీటా మీద ఆశ పుట్టింది ఇక్కడే. కణంలో సంకేతాలు మోసే ఎంజైములు చాలావరకు సంకేతం ఆగగానే ఆగిపోతాయి, వాటికి బ్రేకు లాంటి భాగం ఉంటుంది. దీనికి ఆ భాగమే లేదు, తయారైతే చాలు పని చేస్తూనే ఉంటుంది. సినాప్స్ దగ్గర, పక్క కణం పంపే సంకేతాన్ని అందుకునే ఏఎంపీఏ గ్రాహకాలు జారిపోకుండా చూస్తుంది. అమెరికాలోని బ్రూక్లిన్‌లో టాడ్ సాక్టర్ అనే మెదడు శాస్త్రవేత్త 1990ల నుంచి దీన్నే పట్టుకుని కూర్చున్నాడు. 2006లో ఆయన బృందం జిప్ అనే మందును ఎలుకల హిప్పోకాంపస్‌లోకి (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) ఎక్కిస్తే, షాక్ తగిలే చోటు ఏదో అవి మరిచిపోయాయి. పాత జ్ఞాపకమూ చెరిగిపోయింది. జిప్ పీకేఎం జీటాను ఆపుతుంది, జిప్ ఇస్తే జ్ఞాపకం పోతోంది, కాబట్టి జ్ఞాపకాన్ని మోస్తున్నది పీకేఎం జీటాయే అన్నది అప్పటి లెక్క.

2013 జనవరిలో నేచర్ పత్రికలో ఒకేసారి వచ్చిన రెండు పరిశోధనలు ఈ లెక్కను తలకిందులు చేశాయి. ఒకటి జాన్స్ హాప్కిన్స్‌లో రిచర్డ్ హుగానిర్ బృందానిది, రెండోది కాలిఫోర్నియాలో రాబర్ట్ మెస్సింగ్ బృందానిది. పీకేఎం జీటా జన్యువునే తీసేసిన చిట్టెలుకలను వాళ్లు పుట్టించారు. అవి మామూలు వాటిలాగే నేర్చుకున్నాయి, గుర్తుపెట్టుకున్నాయి. పైగా ఆ ప్రోటీన్ లేని వాటికి జిప్ ఇచ్చినా జ్ఞాపకం పోయింది!

ఈ రెండో సంగతిని చాలామంది సరిగ్గా చదవలేదు. లేని ప్రోటీన్‌ను ఆపడం ఏ మందుకూ సాధ్యం కాదు. అంటే జిప్ ఇంకేదో కూడా చేస్తోంది. మందు నమ్మదగింది కాదని అక్కడ గట్టిగా తేలింది. ప్రోటీన్‌కు జ్ఞాపకంతో సంబంధం ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. వార్తల్లో మాత్రం రెండూ కలిసిపోయాయి, ‘జ్ఞాపకాల ప్రోటీన్ కథ ముగిసింది’ అనే అర్థంలో బయటికి వచ్చాయి. ఇప్పటికీ ఎదురు వాదించేవాళ్లు చూపించేది ఆ వార్తలనే.

సాక్టర్ వర్గం జవాబు 2016లో వచ్చింది. ఇంట్లో పెద్దకొడుకు లేకుండా పోతే దుకాణం చిన్నవాడి చేతికొచ్చినట్టు, పుట్టుక నుంచే జీటా లేని చిట్టెలుకల్లో దాని దగ్గరి బంధువైన పీకేసీ అయోటా/లాంబ్డా ఆ పని అందుకుందని వాళ్ల వాదన. వాదనతో ఆగలేదు, రెండు వైపుల నుంచీ పరీక్షించారు. జీటా తయారీని అడ్డుకుంటే మామూలు చిట్టెలుకల జ్ఞాపకం దెబ్బతింది, జీటా లేనివాటికి ఏమీ కాలేదు. బంధువును ఆపితే సరిగ్గా తిరగబడింది: జీటా లేనివే దెబ్బతిన్నాయి.

క్రిక్ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది 2024 జూన్ నాటి పరిశోధన. కిబ్రా అనే ఇంకో ప్రోటీన్, నేర్చుకోవడంలో పాలుపంచుకున్న సినాప్స్‌ల దగ్గర నిలిచి, పీకేఎం జీటాను అక్కడికే రప్పిస్తుందట. పాత అణువు పోయినా కొత్తది అదే చోటికి చేరుతుంది. ఈ రెండింటి జతను ఒక మందుతో విడదీస్తే నాలుగు వారాల నాటి జ్ఞాపకం కూడా పోయింది. జీటా లేని చిట్టెలుకల్లో ఆ మందు ఏమీ చేయలేకపోయింది. జిప్ ఓడిపోయిన పరీక్షే ఇది.

ఒకటి లేకపోతే ఇంకొకటి ఆ పని చేసేటప్పుడు దేన్నైనా ‘జ్ఞాపకాల ప్రోటీన్’ అనొచ్చా అని అడిగేవాళ్లున్నారు. పైగా 2024 ఫలితం కూడా సాక్టర్, ఆయన సహచరుల నుంచి వచ్చిందే, బయటివాళ్ల నుంచి కాదు.

ఇక క్యాప్సూల్. పీకేఎం జీటా న్యూరాన్ లోపలే తయారవుతుంది. నోటితో తీసుకున్న ప్రోటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విరిగిపోతుంది, పప్పైనా పౌడరైనా అంతే. మెదడులో పీకేఎం జీటాను పెంచితే పాత జ్ఞాపకం బలపడిందని 2011లో ఒక ప్రయోగం చూపిన మాట నిజమే. అయితే అది జరిగింది ఎలుకల మీద, ఆ జన్యువును ఒక వైరస్‌లో పెట్టి నేరుగా మెదడులోకి ఎక్కించి.