అరలీటరు నీళ్లతో గది చల్లబడుతుందా? మినీ కూలర్లపై అపోహలు - వాస్తవాలు

ఏసీలు, కూలర్లు బిగించి బాగుచేయడం నా పని. ఎండలు ముదిరాయంటే ఒక రకం ఫోన్లు తప్పకుండా వస్తాయి. "ఆన్‌లైన్‌లో చిన్న ఏసీ కొన్నామండీ, గాలి వస్తోంది గానీ చల్లగా లేదు. గ్యాస్ పట్టాలేమో చూస్తారా?" అందులో గ్యాస్ ఉండదు, పట్టడానికి చోటూ ఉండదు. వస్తువు పాడవలేదు, దాని శక్తే అంత అని చెప్పగానే అవతలి గొంతు పడిపోతుంది. ఆ మాట కొనకముందే చెప్పాలని ఇది రాస్తున్నాను.

అపోహ: 'పోర్టబుల్ ఏసీ' అని రాసి ఉంది కాబట్టి అది ఏసీయే.

వాస్తవం: ఏసీ చేసే పని గదిలోని వేడిని తీసి బయట పారబోయడం. అందుకే దానికి బయట ఒక యూనిట్ ఉంటుంది. చక్రాల మీద కదిలే అసలైన పోర్టబుల్ ఏసీకైనా లావుపాటి గొట్టం ఉంటుంది, దాన్ని కిటికీలోంచి బయటకు పెట్టాలి. లోపల కంప్రెసర్ ఉంటుంది కాబట్టి మామూలుగా 20 కిలోలకు పైనే బరువు తూగుతుంది. గొట్టం లేకుండా, ఒంటిచేత్తో ఎత్తి బల్లమీద పెట్టుకునే డబ్బాను విప్పి చూస్తే కనిపించేవి ఒక చిన్న ఫ్యాను, నీళ్ల ట్యాంకు, తడిసే స్పాంజి లేదా కాగితపు పొర. కొన్నింటిలో నీటిని తుంపరగా చేసే చిన్న బిళ్ల ఉంటుంది. ఫొటోలో ఆ వేడిగాలి గొట్టం ఉందో లేదో చూస్తే చాలు, సగం అనుమానం తీరిపోతుంది.

అపోహ: గది మొత్తాన్ని నిమిషాల్లో చల్లబరుస్తుంది.

వాస్తవం: ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, ఓపిక పట్టండి. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోంచి వేడిని లాక్కుంటుంది. చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడేది ఇందుకే. పెద్ద కూలర్లు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి, సూత్రంలో తప్పేమీ లేదు. ఎంత నీరు ఆవిరవుతుందన్నదే ప్రశ్న.

గంటకు ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 675 వాట్ల చల్లదనం వస్తుంది. ట్యాంకులో అరలీటరు పడుతుందని, 5 గంటలు నడుస్తుందని ప్రకటనలో ఉందనుకుందాం. అంటే గంటకు 100 మిల్లీలీటర్లు, చల్లదనం 67 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వెలువడుతూనే ఉంటుంది. గదిలో మీరు ఒక్కరే ఉన్నా, మీ ఒంటి వేడికే ఆ డబ్బా సరిపోదు. ఇక పైకప్పు నుంచి, గోడల నుంచి, కిటికీ అద్దాల నుంచి దిగే వేడిని ఎవరు తీయాలి? ఒక టన్ను ఏసీ తీసే వేడి 3,500 వాట్లకు పైనే, అంటే 50 రెట్లు. గంటకు 4 లీటర్లు తాగే పెద్ద కూలరైనా 2,700 వాట్ల పని చేస్తుంది.

ఈ లెక్క మీరే చేసుకోవచ్చు. ట్యాంకులో పట్టే మిల్లీలీటర్లను అది నడిచే గంటలతో భాగించండి. వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులు తీసుకుంటే అదే వాట్లలో చల్లదనం. ఆ రెండు అంకెలూ ప్రకటనలో లేకపోతే నేనైతే కొనను.

అపోహ: ఐసు వేస్తే ఏసీలాగే పనిచేస్తుంది.

వాస్తవం: 200 గ్రాముల ఐసు గంటసేపు కరిగితే వచ్చేది సుమారు 19 వాట్లు. ఏసీలకు వాడే 'టన్ను' అన్న మాట ఐసు నుంచే వచ్చింది. 2,000 పౌన్లు, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే కలిగే చల్లదనాన్నే ఒక టన్ను అన్నారు. దాని ముందు నాలుగు ఐసు ముక్కలు ఏపాటివి? పైగా ఆ నీటిని గడ్డకట్టించడానికి ఫ్రిజ్ అంతకంటే ఎక్కువ వేడిని వెనకవైపు నుంచి మీ ఇంట్లోకే వదిలి ఉంటుంది.

అపోహ: తలుపులు మూసుకుంటే ఇంకా బాగా చల్లబడుతుంది, ఏ వాతావరణంలోనైనా పనిచేస్తుంది.

వాస్తవం: ఏసీ అలవాటుతో చాలామంది చేసే పొరపాటు ఇది. నీటితో నడిచే ఏ కూలరైనా గాలిలో తేమ పెంచుతుంది. తలుపులు మూస్తే ఆ తేమ గదిలోనే పేరుకుని ఉక్కపోత మొదలవుతుంది, చెమట ఆరదు. ఎంత మంచి కూలరైనా గాలిని ఒక హద్దు కంటే కిందికి చల్లబరచలేదు. ఆ హద్దు తేమను బట్టి మారుతుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే హద్దు 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. 35 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం ఉంటే అది 30 దగ్గరే ఆగిపోతుంది. తేమ ఎక్కువగా ఉండే చోట పెద్ద కూలర్ కూడా పెద్దగా ఉపయోగపడదు.

అపోహ: వీడియోలో థర్మామీటరు అంకె పడిపోవడం కళ్లారా చూశాం.

వాస్తవం: థర్మామీటరును ఎక్కడ పెట్టారో చూడండి. గాలి వచ్చే మూతి దగ్గర పెడితే అంకె తగ్గుతుంది, అది గది ఉష్ణోగ్రత కాదు. గది మధ్యలో, గాలి నేరుగా తగలని చోట పెట్టి అరగంట చూపించమనండి.

ఈ డబ్బా గాలిని శుద్ధి చేస్తుందని ప్రకటనల్లో కనిపించే మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. తడి స్పాంజి ఎయిర్ ప్యూరిఫయర్ ఫిల్టరు పని చేయదు. రోజుల తరబడి ఆరకపోతే అందులోనే బూజు పడుతుంది.

అపోహ: పనిచేయకపోతే డబ్బే కదా పోయేది, నష్టమేముంది?

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ కలిగించేది ఇదే. ఒకసారి ఒక ఇంటికి వెళ్తే, మంచం పట్టిన పెద్దాయన గదిలో ఇలాంటి డబ్బా ఒకటి పెట్టి తలుపు వేసి ఉంచారు. ఏసీ ఉంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టేసరికి ముఖానికి ఆవిరి కొట్టింది. పిల్లలు, ముసలివాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు వేడికి త్వరగా దెబ్బతింటారు. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. అలాంటి గదిలో ఈ డబ్బాను నమ్ముకుని మనిషిని ఉంచవద్దు. ఇంట్లో చల్లగా ఉండే గదిలోకి మార్చండి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే వైద్యం అందేలా చూడండి.

ఇప్పటికే కొనేసి ఉంటే ముందు వాపసు గడువు చూడండి. ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, 'గది మొత్తం' అన్న మాట ఉన్న చోటు ముఖ్యంగా. గడువు దాటిపోతే దాన్ని బల్లమీద పెట్టుకునే ఫ్యానుగా వాడుకోండి. ముఖానికి రెండడుగుల లోపు పెట్టి, కిటికీ తెరిచి ఉంచితే పొడి ఎండలో కాస్త హాయిగానే ఉంటుంది. నీళ్లు రోజూ పారబోసి కొత్తవి పోయండి, రాత్రికి స్పాంజి తీసి ఆరబెట్టండి.