గుండు లేని గాలం

విశాఖ తీరంలో జోడుగుళ్లపాలెం రాళ్ల మీద సాయంత్రం గాలాలేసే పెద్దాయన్ని అడిగి, ఆదివారం ఆయన గాలం ఒకసారి పట్టుకున్నాను. సీసం గుండు విప్పేసి, ముల్లుకి కోడిపుంజు మెడ ఈక చుట్టి విసిరాను. ఈక నా కాళ్ల దగ్గరే పడింది. "గుండు లేకుండా ఎలా ఎల్తాది బాబూ?" అన్నారాయన. ఈకల పురుగు బొమ్మని ఎరగా వేసి చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్ అంతా ఆ ప్రశ్నకి జవాబే.

మన గాలంలో గుండు ఎగురుతూ నైలాన్ దారాన్ని వెనకాల లాక్కుపోతుంది. కొండవాగుల్లో ట్రౌట్ అనే చేపకి వేసే ఎర ఈకలతో కట్టిన పురుగు బొమ్మ, గ్రాము కూడా తూగదు. దాన్ని దారమే మోసుకెళ్లాలి. అందుకే ప్లాస్టిక్ పూత ఉన్న లావుపాటి దారం వాడతారు. బరువుని బట్టి నంబర్లిచ్చే ఈ దారాల్లో, 5వ నంబరు దానికి మొదటి 9 మీటర్లు సుమారు 9 గ్రాములుంటాయి. గుండుని కరిగించి దారం పొడవునా పూసినట్టన్నమాట. ముందు దారాన్ని వెనక్కి విసిరి, గాల్లో తిన్నగా చాచుకునేదాకా ఆగాలి. అప్పుడు ముందుకు లాగితే ఆ బరువుకి కర్ర విల్లులా వంగుతుంది. కర్రని ఆపగానే దారం, చుట్టిన చాప విప్పుకున్నట్టు, ముందుకు దొర్లుతుంది. తొందరపడితే లాగడానికి వెనక బరువే దొరకదు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ఒక్క క్షణం ఆగడమే.

ట్రౌట్‌కి చల్లని నీరు కావాలి. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అరకు చలికి మనం వణికినా, వేసవిలో అక్కడి వాగులూ వేడెక్కుతాయి. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన ఈ చేప మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరి లాంటి చోట్లే నిలిచింది.

ఇక చేప కన్ను. నీటి అడుగు నుంచి పైకి చూస్తే బయటి లోకమంతా 97 డిగ్రీల కోణంలో కనిపించే గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. మీటరు లోతున ఉన్న ట్రౌట్‌కి ఆ కిటికీ వెడల్పు దాదాపు రెండుంపావు మీటర్లు. దాని చుట్టూ నీటి పైభాగం అద్దమై, అడుగునున్న రాళ్లనే చూపిస్తుంది. పురుగు వాలితే దాని కాళ్లు ఆ అద్దానికి సొట్టలు పెడతాయి. దూరం నుంచి చేపకి ముందు కనబడేవి మెరిసే ఆ సొట్టలే. ఒంటి రంగు తెలిసేది పురుగు కిటికీలోకి వచ్చాకే. ముల్లు చుట్టూ పుంజు ఈక పోగులు బిరుసుగా విచ్చుకుని నిలబడేది ఆ సొట్టల కోసమే. ప్రవాహం దారాన్ని లాగి ఈకని కాస్త పక్కకి జరిపిందా, సొట్టలు గీతలవుతాయి. ఈకకి ముక్కు ఆనించేదాకా వచ్చిన ట్రౌట్ కూడా వెనక్కి తిరుగుతుంది.