పొద్దు గుంకాక కోళ్ల గూటి తలుపు

నాటుకోళ్లను సాయంత్రం ఎవరూ గూటికి తోలక్కర్లేదు. వెలుతురు తగ్గుతుంటే ఒక్కొక్కటే వచ్చి, దూలం మీద చోటు కోసం కాసేపు పొడుచుకుని సర్దుకుంటాయి. మనిషికి మిగిలేది తలుపు వేయడమే. గుంటూరు చుట్టుపక్కల పొలంలో కోళ్లు పెంచుకుంటూ, రాత్రికి ఊళ్లోకి వెళ్లిపోయేవాళ్లకు ఆ ఒక్క పనే టెన్షన్. దానికోసమే ఆటోమేటిక్ తలుపులు వచ్చాయి. చిన్న మోటారు, పైకీ కిందికీ జరిగే రేకు, టైమరో లైట్ సెన్సరో, ఓ బ్యాటరీ, అంతే సంగతి.

కోడి చీకటి పడకముందే ఇల్లు చేరడానికి కారణం దాని కన్ను. పగలు అది మనకంటే ఎక్కువ రంగులు చూస్తుంది, అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. కానీ మసక వెలుతురులో పనికొచ్చే దండకణాలు దాని కంట్లో తక్కువ. అందుకే రాత్రి గూట్లోకి పిల్లి దూరినా, మానుపిల్లి దూరినా కోళ్లు ఎటూ పారిపోలేక అక్కడే ఉండిపోతాయి. "ఒకదాన్ని ఎత్తుకుపోతే సరే, అన్నిటినీ కొరికి పడేసిందేమిటి?" అని పెంచేవాళ్లు లబోదిబోమనేది ఇందుకే. హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రవేత్త 1972లో దీని గురించే రాశాడు. ఇంగ్లండ్ తీరంలో కారుచీకటి రాత్రుల్లో సముద్రపు పక్షులు ఎగరకుండా నేల మీదే ఉండిపోతే, నక్కలు తినగలిగినదానికంటే ఎన్నో రెట్లు చంపి వదిలేశాయి. కడుపు నిండితే తినడం ఆగుతుంది. ఎర కళ్లముందే ఉన్నంతసేపు చంపడం మాత్రం ఆగదు.

ఈ తలుపులకు చలిదేశాల్లో గిరాకీ ఎక్కువ. లండన్‌లో డిసెంబరులో మధ్యాహ్నం 3.50కే పొద్దు గుంకితే, జూన్‌లో రాత్రి 9.20 దాకా ఉంటుంది. అక్కడ ఒకే టైముకు సెట్ చేసి వదిలేస్తే కుదరదు. విజయవాడలో నవంబరు చివర సుమారు 5.30కి, జులై మొదట్లో 6.45కి సూర్యాస్తమయం. తేడా గంటంబావే. ఏడాదిలో నాలుగైదుసార్లు మారిస్తే మనకు మామూలు టైమర్ చాలు. కాకపోతే మన దగ్గర సంధ్య పొట్టిది. సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి పొద్దు గుంకిన 25 నిమిషాల్లో చీకటి కమ్మేస్తుంది. పురుగుల వెంట పడి ఆలస్యమైన పెట్టకు దొరికే వ్యవధి అంతే. తలుపు అంతకు ముందే పడితే అది బయటే ఉండిపోతుంది, మరీ ఆలస్యమైతే పిల్లికి దారి ఇచ్చినట్టే. సూర్యాస్తమయం తర్వాత అరగంటకు పెట్టుకుంటే సరిపోతుంది. లైట్ సెన్సర్‌ను పూర్తిగా నమ్మలేం. ఆగస్టులో నల్లమబ్బు పడితే నాలుగింటికే సాయంత్రమైందనుకుంటుంది. పక్కనే వీధి లైటుంటే రాత్రయినా పగలే అనుకుంటుంది.

దారానికి వేలాడే తలుపు కంటే స్క్రూలా మరలున్న కడ్డీతో నడిచేది నయం. మొదటిదాన్ని పిల్లి కింద పంజా పెట్టి ఎత్తేయగలదు. రెండోదాంట్లో మోటారు తిప్పితే కడ్డీ తలుపును కదుపుతుంది గానీ, తలుపును ఎంత నెట్టినా మరల మధ్య రాపిడి వల్ల కడ్డీ తిరగదు. కోడి అడ్డొస్తే మోటారు లాక్కునే కరెంటు పెరుగుతుంది, అది గమనించి మంచి తలుపు వెనక్కి లేస్తుంది. కొన్న రోజే కింద ఓ వంకాయ పెట్టి చూడండి. నలిగిపోతే తిరిగి ఇచ్చేయడమే.

తలుపు ఎంత మంచిదైనా గూడు రేకు డబ్బాలా ఉంటే మే నెలలో అంతా వృథా. కోడికి చెమట గ్రంథులు లేవు, ఎక్కువగా నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకోవాలి. 45 డిగ్రీలు దాటిన రోజున గూడు సాయంత్రానికీ కాగుతూనే ఉంటుంది. కోళ్లు దాన్ని వదిలేసి వేపచెట్టు ఎక్కుతాయి. అడవికోడి జాతి కదా, కొమ్మ మీద నిద్ర వాటికి కొత్తేమీ కాదు. ఖాళీ గూటికి తలుపు పడిందని యంత్రానికి తెలియదు. కాబట్టి పక్కలు గాలాడేలా అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్‌తో కట్టాలి. ఆరు మూలల పల్చటి కోళ్ల వల కోడిని లోపల ఉంచుతుందే గానీ కుక్కను ఆపలేదు. పందికొక్కులు తవ్వకుండా గూడు చుట్టూ అడుగున్నర మేర అదే మెష్‌ను నేలమీద పరిచి మట్టి కప్పితే మంచిది.

ఇక గద్ద, ముంగిస వచ్చేది పట్టపగలు. అప్పుడు తలుపు తెరిచే ఉంటుంది. ఆ కాపలా పుంజుది. పైన గద్ద కనిపిస్తే సన్నగా, సాగదీసి ఒక కూత. నేలమీద శత్రువైతే ఆగకుండా కొక్కొక్కొమంటూ మరొకటి. మొదటిదానికి పెట్టలు నక్కుతాయి, రెండోదానికి మెడలెత్తి చూస్తాయి. క్రిస్ ఎవాన్స్, లిండా ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే పరిశోధకులు 1993లో ఆ కూతల రికార్డింగులు వినిపించి దీన్ని నిరూపించారు. నక్కడానికి చోటు కావాలి కాబట్టి ఆవరణలో నాలుగు ఆముదం మొక్కలో, అరటి పిలకలో వేయాలి. ముంగిసకు ఉచ్చు పెడదామనుకుంటారు కొందరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా గూటి చుట్టూ ఎలుకల్నీ పాముల్నీ పట్టేదీ అదే.