దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలి?

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులకు ఆశీస్సులు.

“టీచరు చెప్పే పాఠమంతా ఫోనులోనే దొరుకుతున్నప్పుడు రోజూ బడికి ఎందుకు వెళ్లాలి తాతయ్యా?” అని మొన్న మీలో ఒకరు అడిగారు. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపించడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి కనుక జవాబును కూడా లెక్కతోనే మొదలుపెడతాను. కాస్త ఓపిక పట్టండి.

మేము చదువుకున్న రోజుల్లో పెద్ద పెద్ద గుణకారాలు చేయడానికి సంవర్గమాన పట్టికలు ఉండేవి. లాగ్ టేబుల్స్ అనేవాళ్లం. స్కాట్లండ్ దేశస్థుడు జాన్ నేపియర్ 1614లో ప్రకటించిన పద్ధతి అది. గుణకారాన్ని కూడికగా మార్చేయడమే అందులోని కిటుకు. 473ను 28.6తో హెచ్చవేయాలనుకోండి. ఆ రెండింటి సంవర్గమానాలైన 2.6749, 1.4564 కలిపితే 4.1313 వస్తుంది. ఆ .1313ను, సంవర్గమానాన్ని తిరిగి మామూలు సంఖ్యగా మార్చే రెండో పట్టికలో వెతికితే 1353 అనే అంకెలు కనబడతాయి. పట్టిక పని అక్కడితో సరి. జవాబు 135.3 అవుతుందో, 1,353 అవుతుందో, 13,530 అవుతుందో అది చెప్పదు. అసలు ఆ సంవర్గమానాలలో ముందుండే 2, 1 అన్న అంకెలు కూడా పట్టికలో ఉండవు. ఇచ్చిన సంఖ్యలో దశాంశ బిందువుకు ముందు ఎన్ని స్థానాలున్నాయో చూసుకుని, అందులో ఒకటి తగ్గించి విద్యార్థే వాటిని వేసుకోవాలి. దానికి తోడు మనసులో ఒక ఉజ్జాయింపు కూడా చేసుకునేవాళ్లం: 470ని 30తో హెచ్చవేస్తే సుమారు 14 వేలు కదా, కాబట్టి జవాబు 13,530కి దగ్గరలోనే ఉండాలి. అసలు జవాబు 13,527.8.

చేతిలో ఇమిడే సైంటిఫిక్ కాలిక్యులేటర్ 1972లో అమెరికాలో బజారుకు వచ్చింది. మన తరగతులకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందనుకోండి. అది వచ్చినందుకు నాకేమీ బెంగలేదు. ఆ సన్నని అంకెల వరుసల మీద కళ్లు పొడుచుకుని, పరీక్షలో సగం సమయం పేజీలు తిప్పడానికే ఖర్చు చేయడం గొప్ప చదువని నేను ఎన్నడూ అనుకోలేదు. అయితే ఆ చాకిరీతో పాటు, ఎవరూ పొమ్మనకుండానే, ఉజ్జాయింపు కూడా వెళ్లిపోయింది. దీపస్తంభం ఎత్తు కనుక్కోమన్న లెక్కకు నాలుగు కిలోమీటర్లని రాసి, కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చిన జవాబు పత్రాలు నేను దిద్దాను. ఆ పిల్లలు తెలివి తక్కువవాళ్లేమీ కారు. బాల్కనీలోకి వస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడే ఇళ్లలో పెరిగినవాళ్లు. యంత్రం నొక్కి చెప్పిన అంకెను కొండతో పోల్చి చూడాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు, అంతే. పట్టికల కాలంలో ఆ ఆలోచనను ప్రత్యేకంగా ఎవరూ నేర్పలేదు, పట్టికలోని లోపమే దాన్ని నేర్పింది. లోపం పోయాక దాన్ని పాఠంగా చెప్పవలసిన బాధ్యత మాస్టారి మీద పడింది.

కొత్త పరికరం వచ్చినప్పుడల్లా నేను చూసేది ఇదే: ఏ పని తప్పింది, ఆ పనితో పాటు మనకు తెలియకుండా జారిపోయింది ఏమిటి? కొన్నిసార్లు ఏమీ జారిపోదు. ఒకప్పుడు పీరియడ్‌లో సగం నోట్సు చెప్పించి రాయించడానికే సరిపోయేది. స్టెన్సిల్ కాగితం మీద రాసి సైక్లోస్టైల్ యంత్రంతో నకళ్లు తీయడం, ఆ తరువాత జిరాక్సు వచ్చి ఆ తంతును తప్పించాయి. రాత పాడైపోయిందని నా తోటి ఉపాధ్యాయులు కొందరు ఇప్పటికీ బాధపడతారు గానీ, నాకు ఆ బాధ లేదు.

2020 సంగతి వేరు. మార్చిలో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి, దూరదర్శన్‌లోకి వెళ్లాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పాటు పనికి వెళ్లిపోయే ఇళ్లు ఈ నగరంలోనే ఎన్నో ఉన్నాయి. ఇక పాడేరు, అరకు వైపు చాలా గూడేలలో ఫోను ఉన్నా సిగ్నల్ ఉండేది కాదు. అన్నీ ఉన్న పిల్లలకైనా దక్కింది పాఠమే గాని తరగతి కాదు. బల్ల ముందు నిలబడి చెబుతున్నప్పుడు నేను నా మాటలకంటే ఎక్కువగా పిల్లల ముఖాలను గమనించేవాణ్ణి. చివరి వరుసలో ఒక పెన్ను ఆగిపోయిందంటే మూడో మెట్టు దగ్గర ఎవరికో అర్థం కాలేదన్నమాట; వెంటనే వెనక్కి వెళ్లి మరో దారిలో చెప్పాలి. కెమెరాలు ఆపుకుని పేర్లు మాత్రమే కనబడుతున్న తెరను చూస్తూ చెప్పేవారికి ఆ పెన్ను ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? బడికి ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే. ఫోనుకు పాఠం తెలుసు, మీరు ఆగిన చోటు తెలియదు.

(ఉపాధ్యాయుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. వాట్సాప్ గ్రూపులు వచ్చాక రాత్రి పదింటికి కూడా “రేపు డ్రాయింగ్ పుస్తకం తేవాలా?” అని అడుగుతున్నారు. మీ టీచరుకూ ఇల్లూ వంటా పిల్లలూ ఉంటారు. ఆ ప్రశ్న సాయంత్రమే అడగండి.)

ఇంటి బతుకులోనూ ఇదే వరస. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా మన విశాఖ దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరికలు అందడం వల్ల వేలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఆ మేలు సాంకేతికతదే, కాదనను. తుఫాను వెళ్లాక మాత్రం రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ఎక్కడో ఒకచోట ఫోను దొరికినా, సొంత చెల్లెలి నంబరు నోటికి రాక నిలబడిపోయిన పెద్దవాళ్లను మా వీధిలోనే చూశాను. నంబర్లన్నీ చార్జింగ్ అయిపోయిన ఫోనులో ఉండిపోయాయి. అప్పటికి కనీసం జేబులో నోట్లు ఉండేవి. 2016లో యూపీఐ వచ్చాక బీచ్ రోడ్డులో ముంత మసాలా అమ్మే బండికి కూడా స్కానర్ వేలాడుతోంది. సదుపాయమే, నేనూ వాడతాను. అయినా మన తీరానికి తుఫానులు మానేస్తామని మాటివ్వలేదు కనుక, ఇంట్లో కొంత నగదు, నోటికి నాలుగు నంబర్లు ఉంచుకోమని మీ అమ్మానాన్నలకు చెప్పండి.

ఇక 2022 చివరి నుంచి మీరంతా వాడుతున్న ఏఐ గురించి. దాని చిక్కు కాలిక్యులేటర్ చిక్కుకంటే పెద్దది. కాలిక్యులేటర్ సరిగ్గా నొక్కితే సరిగ్గా చెబుతుంది. ఇది ఒప్పునూ తప్పునూ ఒకే ధీమాతో, ఒకే నున్నని భాషలో చెబుతుంది. తడబాటు కనబడదు కాబట్టి అనుమానం రాదు. అందువల్ల అడగడానికి ముందే మీ అంచనాను నోటుబుక్కులో రెండు వాక్యాలుగా రాయండి. మన ఓడరేవు ఎప్పుడు మొదలైందో తెలుసుకోవాలనుకోండి: స్వాతంత్ర్యానికి ముందా, తరువాతా? ఈ ఊరికి రైలు వచ్చాకా, రాకముందా? మీకు తెలిసినదాన్ని బట్టి ఒక దశాబ్దం ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రాసి, అప్పుడు అడగండి. జవాబు 1933. మీరు 1920లలో అని రాసి ఉంటే చాలా బాగా ఆలోచించినట్టే. 1970లలో అని రాసి ఉంటే ఎక్కడ దారి తప్పారో చూసుకోవచ్చు. ఏమీ రాయకుండా అడిగితే మాత్రం యంత్రం 1833 అని చెప్పినా తల ఊపుతారు.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కులు తీసుకురండి. ఫోను ఇచ్చిన జవాబులు నాకు అక్కర్లేదు, మీ అంచనాలూ వాటి కారణాలూ చాలు. తప్పినవాటిని కొట్టివేయకుండా అలాగే ఉంచండి, ముందు అవే చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య