ఏకులో దాగిన మేకు

పొందూరు సన్న ఖద్దరు గురించి రాసేవాళ్లెవరూ వాలుగ చేప దవడను వదిలిపెట్టరు. గింజ తీయకముందే పత్తిని ఆ దవడ పళ్లతో దువ్వుతారు మరి. ఫొటోకు భలే ఉంటుంది. అయితే దుమ్ము సంగతి తెలిసినవాళ్లు అందులో ఇంకో విషయం చూస్తారు. దువ్వినప్పుడు రాలేది ఎండిన ఆకుపొడి, కాయ చుట్టూ ఉండే పత్రాల ముక్కలు, మట్టి. పత్తి దుమ్ములో ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీసేది ఈ చెత్తే. దాని మీద పెరిగే బ్యాక్టీరియాలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. మిల్లులో పత్తిని విప్పి దులిపే బ్లోరూమ్ యంత్రాలు, దాన్ని ఏకే కార్డింగ్ యంత్రాలు ఈ చెత్తను చితక్కొట్టి గాల్లోకి లేపుతాయి. పొందూరు ఆడవాళ్ల చేతిలో అది పొడి కాకుండానే చాలావరకు రాలిపోతుంది.

అలాగని పొందూరులో దుమ్ము లేదని కాదు. వింటినారితో దూది ఏకేటప్పుడు ఫ్యాను వేస్తే ఏకిందంతా ఎగిరిపోతుంది. తలుపు తీసినా అంతే. పని నాణ్యతకు గాలి శత్రువు, పనిచేసే మనిషికి గాలే ప్రాణం. ఈ పీటముడి అక్కడ ఎంత పాతదో, పరుపుల దూది ఏకి బతికిన దూదేకులవారి ఇళ్లలోనూ అంతే పాతది.

పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. దాని నడక విచిత్రం. వారమంతా పనిచేసినవాడికి సెలవు రోజు హాయిగా ఉంటుంది. మర్నాడు పనిలోకి వెళ్లిన కొన్ని గంటలకు ఛాతీ బిగుసుకుంటుంది, ఆయాసం వస్తుంది. రెండోరోజుకు తగ్గుతుంది. అందుకే ఇంగ్లండు మిల్లుల్లో దీన్ని సోమవారపు జబ్బు అనుకునేవారు. ఏళ్లు గడిచేకొద్దీ మంగళవారం కూడా బిగుస్తుంది, తర్వాత బుధవారం, ఆఖరికి సెలవు రోజున కూడా వదలదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే అక్షరాలా ఇదే. ఆ దశకొచ్చాక పని మానేసినా పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు.

అవిసె నార, గంజాయి జాతి నార దువ్వేవాళ్ల దగ్గును ఇటలీ వైద్యుడు రామజ్జీని మూడు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. రోగిని నీ పని ఏమిటని అడగండి అని తోటి వైద్యులకు చెప్పినవాడూ ఆయనే. బిస్సినోసిస్ అన్న పేరును 1877లో ఫ్రెంచి వైద్యుడు ఆడ్రియాన్ ప్రూస్ట్ వాడాడు. 1950ల్లో లాంకషైర్ మిల్లులు తిరిగిన రిచర్డ్ షిల్లింగ్, ఛాతీ వారంలో ఎన్ని రోజులు బిగుస్తుందో అడిగి జబ్బును మెట్లుగా విడగొట్టాడు.

మన దేశంలో చట్టం చూపు ముందు ఊపిరి మీద పడలేదు. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టం పట్టించుకున్నది ముఖ్యంగా పిల్లల్ని: ఏడేళ్లలోపు వారిని పనిలో పెట్టకూడదంది. 1925లో పత్తి గింజ తీసే (జిన్నింగ్), బేళ్లు కట్టే (ప్రెస్సింగ్) ఫ్యాక్టరీలకు విడిగా ఒక చట్టం వచ్చింది. దాని బెంగ పత్తిలో కల్తీ గురించి, బేళ్ల మీద వేయాల్సిన గుర్తుల గురించి. దూదికి దక్కిన రక్షణ దూది మోసేవాడికి దక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షన్ హాని చేసే దుమ్మును అది పుట్టేచోటే పీల్చేసే ఏర్పాటు ఉండాలంది. 27వ సెక్షన్, పత్తిని విప్పే యంత్రం ఆడుతున్న చోట ఆడవాళ్లు, పిల్లలు పనిచేయకూడదంది. మగవాడి మాట ఆ సెక్షన్‌లో లేదు.

దుమ్ముకు అంకె కట్టింది అమెరికా. 1978లో అక్కడి నిబంధన నూలు తయారీలో ఘనపు మీటరు గాలికి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని తేల్చింది. ఒక బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే, దాన్ని నూరు ముక్కలు చేసి ఒక్క ముక్కను మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గాలిపెట్టెలో చల్లినంత. నేత విభాగానికి హద్దు 0.75. పనివారం మొదటి రోజున షిఫ్టుకు ముందూ తర్వాతా ఊపిరి ఊదించి కొలవాలని కూడా ఆ నిబంధన చెప్పింది. సోమవారపు జబ్బును సోమవారమే పట్టుకోవాలి కదా. గాలిగొట్టంతో యంత్రాల మీది దుమ్మును ఊదేయడానికి పగ్గం వేసింది. ఖర్చుకు తగ్గ లాభం ఎక్కడుందని మిల్లు యజమానులు కోర్టుకెక్కితే, 1981లో అక్కడి సుప్రీంకోర్టు కార్మికుల పక్షానే నిలిచింది.

ఆ 0.2 మన చట్టంలోకి 1987 సవరణతో వచ్చింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఫ్యాక్టరీల చట్టాన్ని గట్టిపరిచినప్పుడు చేర్చిన రెండో షెడ్యూలులో ముడి పత్తి దుమ్ముకు అదే హద్దు పెట్టారు. ఆ చట్టం మూడో షెడ్యూలులో బిస్సినోసిస్ ఉండేది కాబట్టి, గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సి ఉండేది.

ఇంతకీ ఫ్యాక్టరీ అంటే ఏది? అసలు కథ ఇక్కడుంది. 1881లో నూరుమంది ఉంటేనే ఫ్యాక్టరీ. 1891లో యాభై. 1922లో ఇరవై. 1948 నాటికి, కరెంటు వాడితే పదిమంది చాలు. అరవై ఏడేళ్లపాటు దిగుతూ వచ్చిన ఆ అంకె 2020 వృత్తి భద్రత కోడ్‌లో మళ్లీ ఇరవైకి ఎక్కింది. కరెంటు లేని చోట నలభై. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న జిన్నింగ్ షెడ్డు, పరుపుల దుకాణం ఈ లెక్కతో మరింత దూరం జరిగాయి. రాట్నం ముందు కూర్చున్న పొందూరు మనిషైతే ఏనాడూ ఈ లెక్కలోకి రాలేదు. చిన్న చోట్లకూ చట్టాన్ని వర్తింపజేయడానికి ప్రభుత్వానికి వీలిచ్చిన 1948 చట్టం 85వ సెక్షనే, కుటుంబ సభ్యుల సాయంతో మాత్రమే పని నడిచే చోటును మినహాయించింది.

విజయనగరం వైపు చిక్కు వేరు. నెల్లిమర్ల నుంచి రాజాం దాకా ఇక్కడివాళ్లకు మిల్లంటే జూట్ మిల్లు, నార అంటే గోగునార. 2025 నవంబరు దాకా నష్టపరిహారానికి ఆధారమైన 1923 చట్టం జాబితాలో బిస్సినోసిస్ దగ్గర పత్తి, అవిసె, గంజాయి జాతి నార, కత్తాళ నార అని వరసగా పేర్లుండేవి. జూట్ పేరు ఉండేది కాదు.

పరిహారం దాకా వెళ్లాలంటే ముందు జబ్బు పేరు చీటీ మీద పడాలి. దగ్గుతూ వచ్చిన మనిషికి కఫం పరీక్ష రాస్తారు, టీబీ కాదని తేలితే ఉబ్బసం అంటారు. శ్రీకాకుళం పల్లెల్లో కాల్చే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు. అలాంటి అవ్వ ఆయాసంతో వస్తే నేరం చుట్టదే అయిపోతుంది. చుట్టకు పాపం లేదని ఎవరూ అనరు. పొగ, దుమ్ము కలిస్తే ఊపిరికి రెట్టింపు చేటు. కానీ నలభై ఏళ్లు దూది ఏకావా అవ్వా, సెలవు మర్నాడు ఎలా ఉండేది అని కూడా అడగాలి.